అన్న ఇచ్చిన మెమరీ

జమ్మలమడుగులో ఊరి చివరనున్న మిషన్ బడిలో సుందరం మాస్టారు లెక్కలు చెప్పేవాడు. లెక్కలు చెప్పేవాళ్లు ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు గాని, కంప్యూటరు మూత విప్పి లోపల చెయ్యి పెట్టగల మాస్టారు ఆయనొక్కడే. వేసవి సెలవుల్లో ప్రొద్దుటూరు బస్సెక్కి పోయి నేర్చుకున్న విద్య అది. పక్క బళ్లవాళ్లు కూడా తమ కంప్యూటరు మొరాయిస్తే ఆయనకే కబురు పెట్టేవాళ్లు. పిలుపు వస్తే కాదనకుండా పోయేవాడు. స్క్రూడ్రైవరు చొక్కా జేబులో పెన్ను పక్కన పెట్టుకుని, అందరికీ కనబడేలా, బజారు మధ్యగా నడిచి పోయేవాడు.

ఆ బడిలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు. ఒక బ్యాంకువాళ్లు కొత్తవి కొనుక్కుంటూ పాతదాన్ని బడికి దానమిచ్చారు. పొద్దున స్విచ్చేస్తే ప్రార్థన గంట అయ్యేసరికి తెర మీద బొమ్మలు పడేవి. దానిలో ఉన్న మెమరీ మరీ తక్కువ. ఆ రోజుల్లో జిల్లా ఆఫీసు నుంచి సైన్సు పాఠాల సీడీలు వచ్చాయి. జీవశాస్త్రం చెప్పే ఎలిజబెత్ టీచర్ తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకొచ్చి గుండె పాఠం పెడితే, గుండె బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగుతూ సగంలో ఆగిపోయేది. ఇక మౌసు కదలదు, ఏదీ కదలదు.

"ఇది కంప్యూటరా సార్, ఎద్దుల బండా? బండైతే అదిలిస్తేనన్నా కదుల్తాది" అనేది ఎలిజబెత్. పిల్లలు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. ఆమె నవ్వితే సుందరానికి మనసు తేలికపడేది, ఎందుకంటే ఆ బడిలో ఆమె నవ్వు మానేసిన రోజులు అందరికీ గుర్తే.

ఆమె భర్త జయకర్ ఆర్టీసీ కండక్టరు. నాలుగేళ్ల కిందట పులివెందుల నుంచి జమ్మలమడుగు వచ్చే బస్సులో డ్యూటీ చేస్తూ చనిపోయాడు. ఆ రోజు ఎలిజబెత్ కూడా పుట్టింటి నుంచి అదే బస్సులో వస్తోంది. దారిలో ఒక సుమో అడ్డం వచ్చి బస్సు ఆగింది. దిగినవాళ్లకు కావలసింది వెనక సీట్లో కూర్చున్న ఎదుటి వర్గం మనిషి. జయకర్ తలుపు దగ్గర రెండు చేతులూ అడ్డం పెట్టి, "నా బస్సులో వద్దప్పా, ఆడోళ్లు పిల్లోళ్లు ఉండారు" అన్నాడట. వాళ్లకు ఆ మాట నచ్చలేదు. వెనక సీటు మనిషి కిటికీలోంచి దూకి బతికిపోయాడు. జయకర్ మెట్ల మీదనే పడిపోయాడు. దాడి చేసినవాళ్లు ఎవరి మనుషులో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. సాక్షుల్లో ఒక్కొక్కరే మాట మార్చుకోగా, చివరికి ఎలిజబెత్ ఒక్కతే మిగిలింది.

ఆ మనుషులు అన్న మనుషులు. కొండాపురం పోయే దారిలో ఒక పల్లె ఆయనది. ఆయనకొక పేరు ఉండే ఉంటుంది గాని, దాన్ని పలికిన నోరు ఆ చుట్టుపక్కల లేదు. ముసలివాళ్లు కూడా అన్న అనే అనేవాళ్లు. ఒక పార్టీలోంచి ఇంకో పార్టీలోకి పోయి, మళ్లీ వెనక్కి తిరిగొచ్చినా ఆయన ఇంటి ముందు నిలబడే సుమోలు మాత్రం తగ్గలేదు.

ఒక శనివారం సుందరం ప్రొద్దుటూరు పోయి, బంగారు అంగళ్ల వీధిలో మేడ మీద కంప్యూటర్లు బాగుచేసే మున్వర్‌ని కలిశాడు. మున్వర్ రెండు మెమరీ పలకలు తెచ్చి అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించాడు.

"ఇది కొత్త రకం సార్. సూడండి, కింద ఒకటే గాటు. మీదానికి రెండు గాట్లుంటాయి. దీన్ని బలవంతంగా దూరిస్తే బోర్డే పోతాది. మీ రకం ఇప్పుడు తయారు చేసేదే నిలిపేసినారు."

"మరెట్ల మున్వర్? మొత్తం కంప్యూటరే మార్చాల్నా?"

"అంత పని యాల సార్? పాత మిషన్లు యాడన్నా మూలన పడుంటే పీక్కోవడమే." మున్వర్ గొంతు తగ్గించాడు. "అన్న కాడ ఉండాయి. ఎలచ్చన్లప్పుడు ఆఫీసుకని తెప్పించినారు. మొన్ననే కొత్తవి నేనే పెట్టొస్తి. పాతవి రేకుల షెడ్లో దుమ్ము కొట్టుకుంటాండాయి. పిల్లోళ్ల కోసమని మీరు ఒక మాట అడిగితే ఆయన కాదనడు."

సుందరం వద్దనే అన్నాడు. మెట్లు దిగుతూ కూడా వద్దనే అనుకున్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాడు. పిల్లల కోసం అడిగితే తప్పేముంది? అన్న మనుషులు చేసింది వేరు, షెడ్లో పడున్న ఇనుము వేరు. ఆ ఇనుము ఎవరి రక్తం తాగింది గనక? ఇట్లా తనకు తాను పాఠం చెప్పుకుంటూ జమ్మలమడుగు చేరేసరికి తానే విద్యార్థిలా తలూపాడు. నిజానికి ఆ ఆలోచన అడుగున ఇంకొకటి కూడా ఉంది. ఈ రకం మెమరీ ఎక్కడా దొరకదని అందరూ చేతులెత్తేసినప్పుడు, సుందరం మాస్టారు తెచ్చాడని అనిపించుకోవాలి.

మర్నాడు ఆదివారం. చర్చి అయ్యాక ఇంటికి పోకుండా కొండాపురం బస్సెక్కాడు.

అన్న ఇంటి ముందు పందిట్లో బెంచీల మీద జనం కూర్చుని ఉన్నారు. పట్టాల కోసం వచ్చినవాళ్లు, పోలీసు స్టేషన్లో ఉన్న కొడుకుల కోసం వచ్చినవాళ్లు. సుందరం వెనక నిలబడ్డాడు. బడి మాస్టారని తెలియగానే అన్న చెయ్యెత్తి పిలిచాడు. తనకంటే పదేళ్లన్నా చిన్నవాడు. నల్లగా, సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"సార్‌కు కుర్చీ ఎయ్యండప్పా" అన్నాడు.

కుర్చీ వచ్చింది. బెంచీల మీదున్న జనమంతా చూస్తుండగా సుందరం అన్న ఎదురుగా కూర్చున్నాడు. కూర్చున్నందుకు సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నాడో, తలచుకున్న ప్రతిసారీ ఒళ్లు ముడుచుకున్నాడు.

"పిల్లోళ్ల సదువుకు గదా సార్, దానికి అడగల్నా? పీర్ సాహెబూ, షెడ్డు తెరువు. సార్‌కు కావల్సింది పీక్కోనీ."

పీర్ సాహెబ్ అన్న దగ్గర చాలా ఏళ్లుగా ఉన్న మనిషి. గడ్డం నెరిసింది. షెడ్డు తాళం తీసి, ఒక గోనెపట్ట తెచ్చి పరిచి, "కూచోండి సార్, బట్టలు మాసిపోతాయి" అన్నాడు. సుందరం జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి రెండు డబ్బాల మూతలు విప్పాడు. లోపల సాలెగూళ్లు. నోటితో ఊది, క్లిప్పులు వెనక్కి వంచి, రెండు మెమరీ పలకలు పైకి లాగాడు. రెండు గాట్లున్న రకమే. చేతిరుమాల్లో చుట్టుకున్నాడు.

అన్న గేటు దాకా సాగనంపాడు. భుజం మీద చెయ్యేశాడు.

"మీ ఇస్కూల్లో ఎలిజబెత్ అనే టీచరమ్మ ఉండాది గదా సార్. పాపం, అట్ల జరిగుండకూడదు. మా పిల్లోళ్లదీ తప్పే, కాదనను. అయిపోయిందానికి ఇప్పుడు ముగ్గుర్ని జైలుకు పంపిస్తే ఆయప్ప లేచొస్తాడా? ఆయమ్మకు మంచి చెడ్డ చెప్పేవాళ్లు ల్యారు. మీ అట్లా సదువుకున్నోళ్లు ఒక మాట చెప్తే ఇంటాది."

రుమాలు సుందరం చేతిలోనే ఉంది. దాన్ని అక్కడే ఆయన చేతిలో పెట్టి వచ్చేయవచ్చు. అది తోచకపోలేదు.

"చూస్తానన్నా" అన్నాడు.

బస్సు దిగి ఇల్లు చేరేదాకా ఆ 'అన్నా' అన్న పిలుపే ఆయన చెవిలో తిరిగింది.

సోమవారం ప్రార్థన కాగానే కంప్యూటరు గది తెరిచాడు. తొమ్మిదో తరగతి పిల్లలు బల్ల చుట్టూ మూగారు. సుందరం ముందు కరెంటు తీగ పీకేశాడు. ఒంట్లో ఉన్న కరెంటు పోవడానికి డబ్బా ఇనుపరేకును ఒకసారి తాకాడు. ఆ పని ఎందుకో పిల్లలకు చెప్పాడు. బోర్డు మీద మూడు గాడులున్నాయి. ఒకదానిలో బడికి వచ్చిన మెమరీ ముందే ఉంది. మిగిలిన రెండింటిలో గాట్లు సరిచూసి, తెచ్చినవాటిని రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కాడు. క్లిప్పులు టక్కుమని పడ్డాయి. స్విచ్చేస్తే తెర నల్లగానే ఉండి, డబ్బా కీచుమని అరవడం మొదలుపెట్టింది.

"పాయ!" అన్నారు పిల్లలు.

"పోలా, ఉండండి" అని మళ్లీ విప్పి, పలకల అంచున ఉన్న పసుపు గీతల్ని పెన్సిలు రబ్బరుతో రుద్ది, గుడ్డతో తుడిచి, తిరిగి కూర్చోబెట్టాడు. ఈసారి అరవలేదు. నల్ల తెర మీద మెమరీ లెక్క గబగబా పైకి పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎలిజబెత్ పరుగున వచ్చి సీడీ పెట్టింది. గుండె బొమ్మ మొత్తం పడింది. పడడమే కాదు, కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎర్ర రక్తం ఒక వైపు, నీలం రక్తం ఒక వైపు.

"అబ్బా! యాడ దొరికినాయి సార్ ఇవి? మున్వర్ ల్యావన్నాడని నిన్న చర్చి కాడ అంటిరే?"

"ప్రొద్దుటూరులోనే. వెదికితే దొరికినాయి" అన్నాడు సుందరం, మూత బిగిస్తూ, తల ఎత్తకుండా.

మర్నాడు ఆమె ఇంటి నుంచి పూర్ణం పెట్టిన ఓళిగలు చేసి తెచ్చింది. స్టాఫ్ రూములో అందరికీ పెట్టి, "ఇవి మన సుందరం సార్ పేరు మీద" అంది. హెడ్మాస్టరు కృపానందం గారు కళ్లద్దాలు సర్దుకుని, "మనిషి పట్టుదల అంటే అట్లుండాల" అన్నాడు. సుందరం నోట్లో పెట్టుకున్న ముక్కను నీళ్లు తాగి దింపాడు.

వారం తిరక్కుండానే పీర్ సాహెబ్ మోటారు సైకిలు మీద బడి గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు. "అన్న అడిగి రమ్మన్నాడు సార్. ఆ మాట చెప్పినారా అని" అన్నాడు, చూపు మరెక్కడో పెట్టి.

"ఈరోజు చెప్తా" అన్నాడు సుందరం.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎలిజబెత్ ఒక్కతే పేపర్లు దిద్దుకుంటోంది. సుందరం ఎదురుగా కూర్చుని వాతావరణంతో మొదలుపెట్టాడు. తర్వాత ఆమె కూతురి చదువు గురించి అడిగాడు. ఆడపిల్లను పెట్టుకుని ఒంటరిగా ఉండడం ఎంత కష్టమో చెప్పాడు. కోర్టులంటే ఎన్నేళ్లు పడతాయో చెప్పాడు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

ఎలిజబెత్ ఎర్ర పెన్ను కింద పెట్టింది.

"ఏంది సార్ చెప్పాలనుకుంటాండారు?"

"ఏముందమ్మా, నీ మంచికే. క్షమించడం మన వాక్యంలో ఉండేదే గదా. నాకు సరిగా కనపళ్లేదు అని ఒక్క మాట అంటే, అందరూ…"

"ఎవరు చెప్పమన్నారు సార్?"

సుందరం బల్ల మీది పేపర్లు సర్దబోయాడు.

"ఆయప్ప ఇంటికి పోయినారా మీరు?"

ఎలిజబెత్ ఆయన ముఖంలోకి చూసి, ఆ తర్వాత కిటికీలోంచి కంప్యూటరు గది వైపు చూసింది. పిల్లలెవరో లోపల గుండె పాఠం పెట్టుకున్నట్టున్నారు, లబ్ డబ్ చప్పుడు వినిపిస్తోంది.

"అది ఆడనుంచి తెచ్చినారా?"

"పిల్లోళ్ల కోసమని…" అన్నాడు.

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. "నేను మీకు ఓళిగలు చేసి తెస్తినే సార్" అంది, అంతే. తర్వాత పెన్ను తీసుకుని, "నేను చెప్పాల్సింది కోర్టులో చెప్తా. గంట కొట్టినారు, మీరు క్లాసుకు పొండి" అంది. నిజంగానే గంట కొట్టారు. సుందరం లేచి పోయాడు. ఆ పీరియడ్లో నల్లబల్ల మీద వేసిన లెక్క రెండుసార్లు తప్పింది.

వాయిదా రోజు ఎలిజబెత్ వెంట కృపానందం గారు ప్రొద్దుటూరు కోర్టుకు పోయాడు. అంతకు ముందురోజు ఆయన స్టాఫ్ రూములో, "ఇంకెవరన్నా తోడొస్తారా?" అని అడిగాడు. సుందరం పదో తరగతి సిలబస్ వెనకబడిందన్నాడు. వెనకబడిన మాట నిజమే.

సాయంత్రం కృపానందం గారు తిరిగొచ్చి జరిగింది చెప్పాడు. ముగ్గుర్నీ ఎలిజబెత్ వేలెత్తి చూపించిందట. అవతలి వకీలు లేచి, "నీ భర్త నీ ముందర పడిపోతాంటే ఆయన్ను సూడకుండా వీళ్ల మొహాలు ఎట్ల సూస్తివమ్మా? నమ్మేదానికుందా?" అని గట్టిగా అడిగాడట.

"ఏం చెప్పినాదో తెలుసునా?" అన్నాడు కృపానందం గారు. "మా ఆయన్ను సూసే ధైర్యం ల్యాక వాళ్లనే సూస్తాంటి సార్, అన్నాది. జడ్జి గారు కూడా కాసేపు రాయడం నిలిపేసినాడు."

సుందరం పుస్తకాలు తీసుకుని బయటికి వచ్చేశాడు.

మర్నాడు, తొమ్మిదో తరగతి కంప్యూటరు పీరియడ్లో, బడి ఆవరణలోకి సుమో వచ్చింది. పీర్ సాహెబ్ ముందు, వెనక ఇద్దరు కుర్రవాళ్లు. చెప్పులు విప్పకుండా గదిలోకి వచ్చారు.

"అన్న మెమరీ తీసుకొని రమ్మన్నాడు సార్" అన్నాడు పీర్ సాహెబ్.

పిల్లలు సుందరం వైపు చూశారు. ఇప్పుడు పాఠం నడుస్తోంది, తర్వాత రండి అని చెప్పవచ్చు. హెడ్మాస్టరును పిలవండి అనవచ్చు. సుందరం అవేవీ అనలేదు. కంప్యూటరు ఆపాడు. తీగ పీకాడు. స్క్రూడ్రైవరు స్క్రూ మీది నుంచి జారి రేకును గీసింది. కుర్రవాళ్లలో ఒకడు నవ్వాడు. మూత తీసి మొదటి పలక లాగాడు. రెండోది లాగాడు. రెండూ పీర్ సాహెబ్ చేతిలో పెట్టాడు.

"ఆడ ఇంకొకటుండాదే" అన్నాడు నవ్విన కుర్రవాడు, డబ్బాలోకి వంగి చూసి. "అదీ తియ్."

అది బడిది. మొదటి నుంచీ బడిదే. ఆ మాట సుందరం నాలుక చివరిదాకా వచ్చింది. రెండే మాటలు, "అది మాదప్పా" అని. ఆయన మూడో క్లిప్పు కూడా వెనక్కి వంచి ఆ పలకను కూడా తీసి ఇచ్చేశాడు.

పీర్ సాహెబ్ దాన్ని చూశాడు, సుందరాన్ని చూశాడు. ఆయనకు తెలుసు, షెడ్లోంచి పోయినవి రెండేనని. నోరు తెరిచి, వెనకున్న కుర్రవాళ్లను తలచుకుని మూసుకున్నాడు. తిరిగి పోయేటప్పుడు వాకిట్లో నిలబడ్డ ఎలిజబెత్‌కు దారి వదిలి, తల వంచుకుని దాటుకున్నాడు.

ఎలిజబెత్ ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో సుందరానికి తెలియదు. ఆమె పిల్లల్ని, "రండి, మన క్లాసుకు పోదాం" అని పిలుచుకుని పోయింది. పోతూ పోతూ పిల్లలెవరో తీగ తగిలించి స్విచ్చేసినట్టున్నారు, మెమరీ లేని డబ్బా ఖాళీ గదిలో కీచుకీచుమని అరుస్తూనే ఉంది. సుందరం దాన్ని ఆపడానికి కూడా వెంటనే లేవలేకపోయాడు.

ఆ ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి అందరూ లేచి ముందుకు పోయారు. సుందరం లేవలేదు. భార్య చెయ్యి తట్టి, "ఏందీ, ఒంట్లో బాగల్యాదా?" అంది. "ఊఁ" అన్నాడు. ముందు వరసలో మోకాళ్ల మీద ఉన్న ఎలిజబెత్ వీపు కనపడుతోంది.

సోమవారం బడి వదిలాక ఆమెను వరండాలో ఆపాడు. "అమ్మా, నాది శానా తప్పు" అని మొదలుపెట్టాడు. ఇంకా చాలా సిద్ధం చేసుకుని వచ్చాడు గాని ఆమె వినలేదు.

"నాకెందుకు సార్ చెప్పడం? నాకు తెలిసిందే గదా. పిల్లోళ్లు అడుగుతాండారు, వాళ్లకు చెప్పండి" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

పెళ్లాంతో చెప్పడం కంటే, పాదిరి గారితో చెప్పడం కంటే అది కష్టమైన పని. అయినా మర్నాడు తొమ్మిదో తరగతిలో పుస్తకం తెరవకుండా నిలబడి, జరిగిందంతా చెప్పాడు. మెమరీ ఎక్కడిదో, దానికి బదులుగా తనను ఏం అడిగారో, తాను టీచరుతో ఏం చెప్పాడో. పిల్లలు కదలకుండా విన్నారు. సగం మంది ఇళ్లలో అన్న మనుషులుంటారు, సగం మంది ఇళ్లలో అవతలి మనుషులుంటారు. ఆ రోజు ఆ సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

చెప్పడం అయిపోయాక మాబున్ని అనే పిల్ల లేచింది. మాటకు భయపడే పిల్ల కాదు.

"సార్, వాళ్లవి రెండు వాళ్లకిచ్చినారు, సరే. మనది ఎందుకిచ్చినారు?"

సుందరం జవాబు కోసం వెదికాడు. ఒకే జవాబు దొరికింది. "భయపడితినమ్మా" అన్నాడు.

మాబున్ని కూర్చుంది. నవ్వలేదు, జాలి పడలేదు. లెక్కకు జవాబు సరిపోయిందా లేదా అని చూసేదానిలా చూసింది. ఆ చూపు ఆయన్ను వదల్లేదు.

శనివారం మళ్లీ కొండాపురం బస్సెక్కాడు. ఈసారి భార్యకు చెప్పి వెళ్లాడు. ఆమె ఏడ్చింది. అన్న పందిట్లో జనం అలాగే ఉన్నారు. ఈసారి కుర్చీ రాలేదు. ఎండలో నిలబడ్డాడు. చాలాసేపటికి అన్న తలతిప్పి, "ఏంది సార్, మల్లా వచ్చినారు?" అన్నాడు.

"మీ రెండు మెమరీలతో పాటు మా బడిది ఒకటి వచ్చింది. అది మాది. ఇప్పిస్తే పోతాను."

పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. అన్న నవ్వలేదు.

"మీ మాట ఆయమ్మ ఇనలేదంట గదా."

"వినకపోవడమే మేలైంది. నేను చెప్పకూడని మాట చెప్పినాను" అన్నాడు సుందరం. ఆ మాట అనాలని ఇంటి దగ్గర అనుకోలేదు. వచ్చేసింది.

అన్న ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. గొడ్డును బేరమాడేటప్పుడు చూస్తారే, అట్లా. తర్వాత విసుగొచ్చినట్టు చెయ్యి విదిలించి, "పీర్ సాహెబూ, ఆయన సామాను ఆయనకిచ్చి పంపియ్. గడ్డిపరక కోసం ఇంత దూరం వచ్చినాడు పాపం" అన్నాడు. ఈసారి అందరూ గట్టిగా నవ్వారు. ఆ నవ్వుల మధ్యే పీర్ సాహెబ్ పలక తెచ్చిచ్చాడు. "ఆ రోజే చెప్పాల్సింది సార్. మీరూ చెప్పల్యా, నేనూ చెప్పల్యా" అన్నాడు మెల్లగా. సుందరం దాన్ని తీసుకుని, భయంతో చొక్కా వీపుకు అతుక్కుపోగా, వెనక్కి చూడకుండా బస్సు దాకా నడిచాడు. ఎవరూ వెంట రాలేదు.

కంప్యూటరు మళ్లీ పనిచేసింది, ఎప్పటి నిదానంతోనే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎలిజబెత్ బడి పని మీద ఏదైనా అడగాలంటే అడిగేది, చెప్పాలంటే చెప్పేది. అంతకు మించి మాట లేదు. సుందరం కూడా ఆశించలేదు. పక్క బళ్ల నుంచి పిలుపు వస్తే మాత్రం పోయేవాడు, స్క్రూడ్రైవరు సంచీ అడుగున పెట్టుకుని.

తీర్పు వచ్చేసరికి ఇంకో ఏడాది దాటింది. ఆ పొద్దున ప్రొద్దుటూరు బస్సు దగ్గర ఎలిజబెత్, కృపానందం గారు నిలబడి ఉంటే సుందరం పోయి, "నేనూ రావచ్చునా?" అని అడిగాడు.

"బస్సు అందరిదీ సార్" అంది ఎలిజబెత్.

ఆయన వెనక సీట్లో కూర్చున్నాడు. ఇద్దరికి యావజ్జీవం పడింది. మూడోవాణ్ణి వదిలేశారు. పైకోర్టుకు పోతారని వకీళ్లు అప్పుడే అనుకుంటున్నారు. కోర్టు మెట్ల దగ్గర జయకర్ తల్లి వరమ్మ, వీరపునాయునిపల్లె నుంచి వచ్చిన ముసలామె, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ కూర్చుని ఉంది. సుందరాన్ని చూసి, "ఈయప్ప ఎవరు?" అని కోడల్ని అడిగింది.

"మా బళ్లో సార్" అంది ఎలిజబెత్. కొంచెం ఆగింది. ఆమె ఇంకేమీ చెప్పలేదు.

ముసలామె లేచి ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎండిన, గరుకు చేతులు. "అందరూ మొగం తిప్పుకుంటిరి నాయనా. నువ్వు మా కోడలికి తోడొచ్చినావు. నీ బిడ్డలు సల్లగుండాల. నా కొడుకు ఉంటే నీకు మొక్కేవాడు" అంటూ ఆ చేతిని కళ్లకద్దుకుంది.

సుందరం చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు. కాదమ్మా అని చెప్పాలనుకున్నాడు గాని, కోర్టు మెట్ల మీద, కొడుకు పోయిన తల్లితో, ఈ రోజున ఏమని చెప్పాలి? ఎలిజబెత్ వైపు చూశాడు. ఆమె అత్తగారి చెప్పులు వెదికి, తెచ్చి ఆమె కాళ్ల ముందు పెడుతోంది. ఆయన తల దించుకుని, ఆ ముసలి చేతులు వాటంతట అవి వదిలేదాకా అలాగే నిలబడ్డాడు.